కాన్సెప్టు లేని చూపు నమ్మకానికి ఆధారం అవుతుందా?

అవుతుంది. కానీ మీరు ఇచ్చిన ఉదాహరణ ఆ సంగతి తేల్చడానికి సరిపోదు, మీ సార్ చెప్పిన వాదంలో మధ్య మెట్టు ఒకటి లేదు. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. మీ మావయ్య గారిది గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి చూసి "ఇది ఏసీ సరుకు, కొత్తది కాదు" అంటారు. ఎలా తెలిసిందని అడిగితే "చూస్తుంటే తెలియట్లా?" అంటారు, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేరు. మీకేమో పీజీ క్లాసులో, నమ్మకానికి ఆధారం కాగలిగింది ఏదైనా కాన్సెప్టుల (అంటే ఒకదాన్ని ఫలానా రకమని పోల్చుకునే భావనల) రూపంలోనే ఉండాలనీ, అలా లేని ఇంద్రియానుభవం నమ్మకాన్ని పుట్టించగలదేమో గానీ సమర్థించలేదనీ చెప్పారు. అయితే మావయ్య చూపులోనే కాన్సెప్టులు ఉన్నాయనాలా, లేకపోతే ఆయన మాట అలవాటు కొద్దీ నోట్లోంచి ఊడిపడే మాటేనా, ఇంకో దారి లేదా అని అడిగారు. (యార్డు సంగతి తెలియని వాళ్ల కోసం: ఏసీ సరుకు అంటే కోల్డ్ స్టోరేజీలో దాచి తీసిన కాయ. చల్లగా చీకట్లో ఉంటే రంగు నిలుస్తుందనే అక్కడ పెడతారు, అందుకే నాలాంటి వాడికి కొత్త కాయకీ దానికీ తేడా ఒక పట్టాన కనపడదు.)

నేను ఈ సబ్జెక్టు చెప్పి రిటైరైన వాణ్ణి, బ్రాడీపేటలో ఉంటాను, మిరపకాయల గురించి నా పరిజ్ఞానం పచ్చడి దాకానే. కాయల విషయంలో నేనేదైనా తేడాగా రాస్తే మావయ్య గారి మాటే ఖాయం చేసుకోండి.

ఉదాహరణ సంగతి ముందు చూద్దాం. మావయ్య గారి దగ్గర "ఏసీ సరుకు" అనే కాన్సెప్టు నిక్షేపంగా ఉంది. కొత్త కాయ, పాత కాయ, తాలు, డీలక్స్, మీడియం, తేజ, 334, బాడిగ, ఈ గ్రేడులూ రకాలూ అన్నీ ఆయనకు మనకంటే బాగా తెలుసు. ఆయన దగ్గర లేనివల్లా, ఎలా పోల్చుకున్నారో చెప్పే మాటలు. చెప్పలేకపోవడం వేరు, కాన్సెప్టు లేకపోవడం వేరు. ఈ రెండిటినీ కలిపేసి చాలా ఆన్సర్ షీట్లు బోల్తా పడటం నేను చూశాను. నమ్మకంలో కాన్సెప్టులు ఉంటాయని ఒప్పుకోని వాళ్లు దాదాపు లేరు. గొడవంతా ఆ నమ్మకానికి ముందు ఆయన కంటికి కనిపించిన దాని గురించి, ఆ ఎరుపు, ఆ మెరుపు, ఆ ముడత కనిపించిన తీరులోనే కాన్సెప్టులు ఉన్నాయా, లేకపోతే అవి తరవాత వచ్చి చేరాయా అన్నదాని గురించి.

ఇక మీ సార్ వాదం. దీని మూలం అమెరికన్ తత్వవేత్త విల్‌ఫ్రిడ్ సెల్లర్స్ 1956లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఉంది. జ్ఞానానికి ఎక్కడో ఒక పునాది కావాలి, ఆ పునాదిని ఇంద్రియాలు నేరుగా మన చేతిలో పెడతాయి, దాన్ని అందుకోవడానికి ముందుగా ఇంకేమీ తెలిసుండనక్కర్లేదు అని అనుభవవాదుల్లో చాలామంది అనుకునేవారు. సెల్లర్స్ ఒక్క ప్రశ్న వేశాడు: చేతిలో పెట్టిన ఆ వస్తువు ఏదైనా చెబుతోందా, లేదా? "ఇది ఎర్రగా ఉంది" అని చెబుతుంటే అదీ ఒక తీర్పే, దానికీ ఆధారం అడగొచ్చు, కాబట్టి అది పునాది కాలేదు. ఏమీ చెప్పకుండా ఉత్త చురుకులా, ఉత్త మంటలా ఉంటే అది నమ్మకాన్ని పుట్టించే కారణం అవుతుంది గానీ దాన్ని సమర్థించే హేతువు కాదు. ఎటు తిరిగినా చిక్కే.

ఆయన చెప్పిన కథ ఒకటుంది. టైలు అమ్మే కొట్లో జాన్ అనే కుర్రాడు పనిచేస్తుంటాడు, కొట్లో కొత్తగా కరెంటు బల్బులు పెడతారు, ఆ వెలుతురులో నీలం టై ఆకుపచ్చగా కనబడుతుంది, బయటికి తీసుకెళ్లి చూస్తే నీలమే. క్రమంగా జాన్ లోపలున్నప్పుడు "ఆకుపచ్చగా ఉంది" అనడం మానేసి "ఆకుపచ్చగా కనిపిస్తోంది" అనడం నేర్చుకుంటాడు. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీర కొనే ఏ అమ్మగారైనా కొట్టు గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూసిందాకా డబ్బులు తియ్యదు, ఆవిడ సెల్లర్స్‌ని చదవక్కర్లేదు. ఆయన తీసిన సారాంశం ఏమిటంటే, రంగును ఏ వెలుతురులో చూడాలో ముందే తెలిసినవాడే "కనిపిస్తోంది" అని జాగ్రత్తగా అనగలడు, అంటే అమాయకంగా కనిపించే ఆ చిన్న వాక్యం వెనక కూడా బోలెడంత నేర్చుకున్నది ఉంటుంది.

డొనాల్డ్ డేవిడ్‌సన్ 1983లో దీన్ని ఇంకా బిగించాడు: నమ్మకానికి హేతువు కాగలిగింది మరో నమ్మకమే. జాన్ మెక్‌డవెల్‌కి ఇది ఊపిరాడనట్టు అనిపించింది, నమ్మకాలు నమ్మకాల మీదే ఆనుకుంటూ పోతే ప్రపంచం వాటికి ఎక్కడ తగులుతుంది అని. అందుకని 1991లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చి 1994లో పుస్తకం చేసిన ఉపన్యాసాల్లో మధ్యేమార్గం పట్టాడు. అనుభవమే హేతువు, కానీ అనుభవంలో మొదట్నుంచీ కాన్సెప్టులు పనిచేస్తూనే ఉంటాయి, అలా కాకపోతే అనుభవం మనకు ఇచ్చేది సాకు మాత్రమే, "నాదేం తప్పులేదండీ, నాకలా తగిలింది" అని చెప్పుకోవడానికి పనికొస్తుంది అంతే. మీ సార్ చెప్పింది ఈ మెక్‌డవెల్ వాదమేనని నా అనుమానం.

ఇందులో లేని మెట్టు ఏదంటే, సెల్లర్స్ పెట్టిన రెండు దారుల మధ్య మూడోది ఉంది. "ఏదైనా చెబుతోందా లేదా" అన్న ప్రశ్నకు "చెబుతోంది" అంటే అది వెంటనే తీర్పు రూపంలో, వాక్యంలాగా, కాన్సెప్టులతో కట్టి ఉండాలని ఎవరు చెప్పారు? అనుభవానికి ఉండాల్సింది తప్పొప్పులు. ప్రపంచాన్ని అది ఒక రకంగా చూపించాలి, ప్రపంచం అలా లేకపోతే ఆ చూపు తప్పు కావాలి. అంతే చాలు. 1889లో ముల్లర్ లయర్ గీసిన బొమ్మ మీకు తెలిసే ఉంటుంది, రెండు సమాన గీతలు, చివర బాణాల తిరుగుడును బట్టి ఒకటి పొట్టిగా ఒకటి పొడుగ్గా కనిపిస్తాయి. స్కేలు పెట్టి కొలిచి సమానమని తెలుసుకున్నాక కూడా అలాగే కనిపిస్తాయి. నమ్మకం మారింది, చూపు మారలేదు. అంటే చూపుకు తన సొంత తప్పు ఉంది, మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. మంటకు గానీ చురుకుకు గానీ ఉత్తగా ఇలాంటి తప్పు ఉండదు. కాబట్టి సెల్లర్స్ వాదం నోరులేని సంవేదన మీద పనిచేస్తుంది, తప్పొప్పులున్న చూపు మీద అదే బలంతో పనిచేయదు. ఈ బొమ్మ ఒక్కటే చూపులో కాన్సెప్టులు లేవని రుజువు చేయదు, అది గుర్తుంచుకోండి. చూపు నమ్మకం కాదని మాత్రమే చూపిస్తుంది. డేవిడ్‌సన్‌కి ఎదురు చెప్పడానికి అంత చాలు, మెక్‌డవెల్‌కి చాలదు.

ఒక పటం ఊహించుకోండి. గుంటూరు, తెనాలి, విజయవాడ, మధ్యలో కృష్ణ. పటంలో "దగ్గర" అని ఎక్కడా రాసిలేదు, "కంటే" అన్న పోలిక లేదు, వాక్యమే లేదు. అయినా విజయవాడ కంటే తెనాలి గుంటూరుకు దగ్గర అని నమ్మడానికి ఆ పటం ఆధారమే, తెనాలిని ఏ సత్తెనపల్లి దగ్గరో గుర్తుపెడితే ఆ పటం తప్పే. తప్పొప్పులుండటానికీ హేతువుగా నిలబడటానికీ వాక్య నిర్మాణం అక్కర్లేదని ఇక్కడ కనిపిస్తోంది కదా. వెంటనే మీ సార్ అంటారు, పటం చదవడం వచ్చినవాడికే అది ఆధారం అని. నిజమే, చాలా మంచి అభ్యంతరం, దానికి కింద ఇంకా పెద్ద రూపం వస్తుంది. ఇప్పటికి ఒక్కటి గమనించండి: చదవడం రావడం అనేది చదివేవాడిలో ఉండే సంగతి. అది పటంలోకి వెళ్లి కూర్చోదు.

ఇక చూపులో కాన్సెప్టులు ఉండవని అనడానికి బలమైన కారణం గారెత్ ఎవాన్స్ ఇచ్చాడు. ఆయన 1980లో 34 ఏళ్లకే పోయాడు, పుస్తకం 1982లో వచ్చింది, దాన్ని సరిచేసి అచ్చుకిచ్చింది ఎవరో తెలుసా, ఆ మెక్‌డవెల్లే. స్నేహితుడి పుస్తకం తన చేత్తో బయటికి తెచ్చి, పన్నెండేళ్ల తరవాత అందులో ముఖ్యమైన మాటనే ఎదిరించాడు, ఈ రంగంలో నాకు నచ్చే విషయాల్లో ఇదొకటి. ఎవాన్స్ అడిగింది సులువు ప్రశ్నే: మన కళ్లు వేరు చేయగల ఛాయలు ఎన్నున్నాయో అన్ని రంగు కాన్సెప్టులు మన దగ్గర ఉన్నాయా? ఉండవు. ఎరుపులో మనకు ముదురెరుపు, ఇటుక రంగు, కుంకుమ రంగు, దానిమ్మ రంగు, పట్టుమని పది పేర్లు దొరకవు (అందులో ఒకటి మిరపపండు ఎరుపు, మిర్చి యార్డులో మాత్రం ఆ పేరు దేనికీ పనికిరాదు). ఒక్క టిక్కీలో ఉన్న కాయల్లోనే అంతకంటే ఎక్కువ ఎరుపులు పక్కపక్కన పెడితే వేరుగా కనిపిస్తాయి.

మెక్‌డవెల్ జవాబు తెలివైనది. పేర్లు ఎందుకు, వేలు చూపించి "ఇదిగో ఈ ఎరుపు" అనొచ్చు, అది కూడా కాన్సెప్టే, ఎంత సన్నటి ఛాయకైనా సరిపోతుంది అన్నాడు. అయితే దాన్ని నిజంగా కాన్సెప్టు అనాలంటే అనుభవం అయిపోయాక కూడా కొంతసేపైనా నిలవాలి, మళ్లీ ఎదురైతే పోల్చుకోగలగాలి, ఈ షరతు ఆయనే పెట్టుకున్నాడు. అక్కడే షాన్ కెల్లీ 2001లో పట్టుకున్నాడు. పక్కపక్కన ఉన్నప్పుడు వేరు చేయగల ఛాయల్ని, కాసేపయ్యాక విడిగా చూపిస్తే మనం పోల్చుకోలేం. చూసేటప్పటి సూక్ష్మత జ్ఞాపకంలో ఉండదు. ఈ మాటకు రుజువు కావాలంటే ప్రయోగశాల దాకా వెళ్లక్కర్లేదు, మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లండి. జాకెట్టు గుడ్డ కొనడానికి చీర ఇంట్లో పెట్టి రంగు గుర్తుపెట్టుకుని వచ్చే మనిషి నాకైతే తగల్లేదు. చీర చంకలో పెట్టుకునే వస్తారు, ఆ పక్కన ఈ పక్కన పెట్టి చూస్తారు, చీర చూసినంతసేపూ ఆ ఛాయ స్పష్టంగానే కనిపించింది, అయినా గుర్తుపెట్టుకుని పోల్చగల శక్తి ఆ ఛాయ విషయంలో లేదు. అలాంటి శక్తి లేనిదాన్ని కాన్సెప్టు అనడం మాట వరసకు అనడమే.

నాకు ఇంతకంటే బలంగా కనిపించే అభ్యంతరం ఇంకొకటుంది, దీన్ని రిచర్డ్ హెక్ 2000లో బాగా విడమర్చి చెప్పారు. "ఇదిగో ఈ ఎరుపు" అనగలుగుతున్నాను అంటే, ఎందువల్ల అనగలుగుతున్నాను? ఆ ఎరుపు నాకు కనిపించబట్టి. కాన్సెప్టు పుట్టడానికి అనుభవం కారణం చూపుతోంది. అలాంటప్పుడు అదే కాన్సెప్టు ఆ అనుభవంలో భాగమై దాన్ని నిర్మిస్తోందని ఎలా అంటాం? తరవాత పుట్టినదాన్ని తీసుకెళ్లి ముందున్నదాని లోపల పెట్టినట్టవుతుంది. మెక్‌డవెల్ పక్షం వాళ్లు రెండూ ఒక్కసారే పుడతాయంటారు, బిల్ బ్రూవర్ 1999లో వాళ్ల తరఫున చాలా కష్టపడ్డాడు, నాకు మాత్రం ఆ "ఒక్కసారే" అన్నదాంట్లో వివరణ కనిపించదు.

అదే హెక్ ఇంకో తేడా కూడా చూపించారు, మీ పేపర్లో ఇది లేకపోతే మార్కులు పోతాయి. కాన్సెప్టు లేకపోవడం అంటే రెండు అర్థాలు. ఆ అనుభవం పొందడానికి ఆ మనిషికి ఫలానా కాన్సెప్టు ఉండక్కర్లేదు అన్నది ఒకటి, అది మనిషి స్థితి గురించి. అనుభవం చూపించేదే కాన్సెప్టులతో కట్టింది కాదు అన్నది రెండోది, ఇది విషయం గురించి. ఛాయల వాదం సూటిగా తేల్చేది మొదటిదే, రెండోదానికి ఇంకా పని ఉంది. నేను రెండోదే సరైనదనుకుంటాను, పటం ఉదాహరణ అందుకే, కానీ మీ వ్యాసానికి మొదటిది చాలు.

ఇప్పుడు అసలు కష్టం. దీన్ని చుక్కల కోడి సమస్య అంటారు. గిల్బర్ట్ రైల్ అనే తత్వవేత్త ఇంకో తత్వవేత్త ఏయర్‌తో అన్నదట, రోడరిక్ చిజమ్ 1942లో దాని మీద చిన్న వ్యాసం రాశాడు. వంటి నిండా చుక్కలున్న కోడి మీ ముందు ఉంది, మంచి వెలుతురు, చుక్కలన్నీ కనిపిస్తున్నాయి. ఇటువైపు 48 చుక్కలున్నాయనుకోండి. 48 అని నమ్మడానికి మీకు ఆధారం ఉందా? లెక్కపెట్టకుండా లేదు. కానీ అన్ని చుక్కలూ మీ చూపులో ఉన్నాయిగా! అదే కోడి మీద మూడే చుక్కలుంటే చూడగానే మూడు అనేవారు, అందుకు ఆధారమూ ఉండేది. రెండు సందర్భాల్లోనూ చూపు తన పని తాను చేసింది, మరి ఒకచోట ఆధారం అయ్యి ఇంకోచోట ఎందుకు కాలేదు? చూపు చూపించినంత మేరా ఆధారం దొరుకుతుంది అని తేలిగ్గా అనేసేవాళ్లకు ఇది గొంతులో ముల్లు. జేమ్స్ ప్రయర్ 2000లో చెప్పినట్టు, ఫలానా విధంగా ఉన్నట్టు కనిపించడమే, వేరే అనుమానం లేనంతవరకు, అలా నమ్మడానికి చాలు అన్న సిద్ధాంతం నాకు మొత్తంమీద ఇష్టమే, కానీ దానికి ఈ కోడి అడ్డం వస్తుంది.

మీ మావయ్య గారూ నేనూ ఒకే గుప్పెడు కాయలు చూశామనుకోండి. నా కళ్లజోడు బాగానే ఉంది, ఆయనకు కనిపించే ఎరుపే నాకూ కనిపిస్తోంది. ఏసీ సరుకని నమ్మడానికి ఆయనకు ఆధారం ఉంది, నాకు లేదు. నేను అదే మాట అంటే గుడ్డి దెబ్బ. తేడా ఎక్కడుంది?

దీనికి రెండు జవాబులు చెలామణిలో ఉన్నాయి. ఆయన అనుభవమే వేరు, ఏళ్ల తరబడి చూసి చూసి ఇప్పుడు ఆయన కంటికి ఏసీ సరుకుతనమే కనిపిస్తుంది, రంగూ ఆకారమూ మాత్రమే కాదు అన్నది ఒకటి. సుసాన్నా సీగెల్ 2006లో పైన్ చెట్ల ఉదాహరణతో చెప్పింది ఈ తరహాదే, పైన్ చెట్లను పోల్చడం వచ్చాక అడవి కనిపించే తీరే మారిపోతుందని. రెండో జవాబు, అనుభవం ఒకటే, కానీ దాన్ని అందుకుని నమ్మకంగా మార్చుకునే నేర్పు ఆయనకు ఉంది, నాకు లేదు. నేను రెండో దాని వైపు, మొదటిది అబద్ధమని కాదు, అది నిజమైనా కోడి సమస్య తీరదు కాబట్టి. మూడు చుక్కలకీ 48 చుక్కలకీ తేడా చూపులో కంటే మన లెక్క చూపులో ఎంతవరకు అందుకోగలదన్న దాంట్లోనే ఉంది.

అయితే నేర్పు కావాలంటే మీ సార్ గెలిచినట్టేనా? కాదు, ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. నేర్పు హేతువులో ఒక వాక్యం కాదు. మావయ్య గారు మనసులో "ఈ కాయలది ఫలానా ఛాయ, ఫలానా ఛాయ ఉన్నది ఏసీ సరుకు, కాబట్టి ఇది ఏసీ సరుకు" అని లెక్క కట్టడం లేదు. అలా కడుతున్నారంటే ఆ రెండో వాక్యానికి ఆధారం ఏమిటని అడగాలి, ఆయన దాన్ని చెప్పనైనా చెప్పగలగాలి, చెప్పలేరు. నేర్పు హేతువుకు దారి తెరుస్తుంది, హేతువు మాత్రం చూపే. తెలుగు చదవడం వచ్చినవాడికి ఈ పేజీ ఏదో చెబుతుంది, చదవడం వచ్చు అన్న సంగతి ఈ పేజీలో ఉన్న వాదంలో భాగం కాదు. కాన్సెప్టులు నమ్మేవాడి వైపు, అందుకునే వైపు కావాలి. చూపు వైపు అక్కర్లేదు. నేను చెప్పదలుచుకున్నది మొత్తం ఇంతే.

నేర్పుకీ ఉత్త అలవాటుకీ తేడా ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఎన్నిసార్లు సరిపోయింది అన్నది ఒక కొలత, కానీ అంతకంటే ముఖ్యమైనది ఎప్పుడు వెనక్కి తగ్గుతారన్నది. మావయ్య గారిని ఈసారి "ఎలా తెలిసింది" అని అడక్కండి, ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. "ఎప్పుడు చెప్పరు?" అని అడగండి. ట్యూబ్‌లైటు కింద చెబుతారా, వానకు తడిసి ఆరబెట్టిన కాయలైతే చెబుతారా, ఎప్పుడూ చూడని రకమైతే చెబుతారా అని. తనకు చూపు మోసం చేసే చోట్లు తెలిసి అక్కడ చెయ్యి వెనక్కి తీసుకునే మనిషైతే ఆయనది నేర్పే. సెల్లర్స్ ఇంకా ఎక్కువ అడుగుతాడు, తన మాట నమ్మదగిందని ఆ మనిషికి తెలిసుండాలని కూడా. అది మరీ ఎక్కువ. ఎక్కడ తగ్గాలో తెలిస్తే చాలు, ఎక్కడ నిలబడాలో సిద్ధాంతం చెప్పనక్కర్లేదు.

ఒక మెలిక మాత్రం వదలకూడదు. కంటికి ఆశ ఉంటుంది. కొనేవాడికి రేటు తగ్గించాలని ఉంటుంది, అప్పుడు తాలు ఎక్కువ కనిపిస్తుంది, అమ్మేవాడికి అదే రాశి నిగనిగలాడుతుంది. ఇద్దరూ అబద్ధం ఆడట్లేదనే అనుకుందాం, నిజంగానే అలా కనిపిస్తోంది. అప్పుడు ఆ చూపు ఆధారమేనా? సీగెల్ 2012లో దీని మీదే రాసింది, జాక్ కోపంగా ఉన్నాడని ముందే అనుకున్న జిల్‌కి అతని మొహం కోపంగా కనిపిస్తుంది, ఆ కనిపించడాన్ని చూపించి ఆమె తన నమ్మకాన్ని బలపరుచుకుంటే అది తన మాటకు తనే సాక్ష్యం చెప్పుకోవడమే కదా అని. ఇక్కడ తమాషా చూడండి: కాన్సెప్టులూ నమ్మకాలూ చూపులోకి ఎంతగా చొరబడితే ఈ ప్రమాదం అంతగా పెరుగుతుంది. చూపులో కాన్సెప్టులుంటేనే అది ఆధారం అవుతుంది అన్నవాళ్లు ఈ సంగతి మీద పెద్దగా మాట్లాడరు. న్యాయంగా చెప్పాలంటే మెక్‌డవెల్ చెప్పే కాన్సెప్టులకూ సీగెల్ చెప్పే ఆశలకూ చాలా తేడా ఉంది, ఒకటి ఉందని రెండోది రాదు. అయినా చూపు మనకు లొంగకుండా ఉండటమే దాని విలువ అని నాకు అనిపిస్తుంది.

మన వాళ్ల సంగతి మీరు అడగలేదు, కానీ విజయవాడ, గుంటూరు ప్రాంతం వాళ్లం ఈ చర్చలో బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుణ్ణి తలచుకోకపోతే బాగుండదు. ఆయన వేంగి దగ్గర కొండ మీద తర్కగ్రంథం రాశాడని 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ రాసుకున్నాడు, వేంగి అంటే ఏలూరు పక్కన ఇప్పటి పెదవేగి. దిఙ్నాగుడి లెక్కలో ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం, అంటేనే కల్పన లేనిది, కల్పనాపోఢం. పేరూ జాతీ అంటగట్టగానే అది ప్రత్యక్షం కాకుండా పోతుంది. దానికి పూర్తి విరుద్ధంగా వ్యాకరణ పండితుడు భర్తృహరి, మాట తోడు లేని జ్ఞానమే లోకంలో లేదన్నాడు. మీమాంసకుడు కుమారిలుడు మధ్యలో నిలబడి, ముందు పసిపిల్లల, మూగవాళ్ల తెలివి లాంటి ఆలోచన (ఇక్కడ ఈ మాటకు ఉత్త చూపు అనే అర్థం) ఒకటి ఉంటుంది, తరవాత పేరుతో కూడిన జ్ఞానం వస్తుంది, రెండూ ప్రత్యక్షమే అన్నాడు.

నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, పేరూ జాతీ తోడు లేని జ్ఞానాన్ని నిర్వికల్పకం, వాటితో కూడినదాన్ని సవికల్పకం అన్నారు, తర్కసంగ్రహం చదివిన వాళ్లకు తెలిసిందే. తమాషా ఏమిటంటే వాళ్లలో పెద్దవాడైన గంగేశుడి నాటికి, అంటే 14వ శతాబ్దానికి, నిర్వికల్పకం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, దాన్ని మనం నేరుగా ఎరగం కూడా, సవికల్పకం పుట్టాలంటే విశేషణం (వస్తువుకు మనం అంటగట్టే గుణమో జాతో) ముందే తెలిసుండాలి కాబట్టి అది ఉండి ఉంటుందని ఊహిస్తాం అని తేల్చారు. తప్పొప్పులు లేనిది హేతువు కాలేదు. అంటే గంగేశుడి నిర్వికల్పకాన్ని పట్టుకుని ఎవాన్స్‌ని సమర్థించబోతే బోర్లా పడతారు, అది సెల్లర్స్ కొట్టిపారేసిన దానికే దగ్గర. అసలు న్యాయానికి నిర్వికల్పకం అక్కర్లేదని అరిందమ్ చక్రవర్తి 2000లో ఏడు కారణాలు చూపించాడు, అది వేరే రగడ.

నా మట్టుకు నాకు ఈ చర్చకు బాగా అక్కరకొచ్చేవాడు దిఙ్నాగుడి దారిలోనే నడిచిన ధర్మకీర్తి. చూపు వస్తువును మొత్తంగా పట్టుకుంటుంది, కానీ చూసినదంతా నిశ్చయం కాదు, నిశ్చయం ఏ అంశంలో పుడుతుందన్నది అభ్యాసం లాంటి కారణాల మీద ఆధారపడుతుంది అన్నాడు. చుక్కల కోడికి ఇంతకంటే దగ్గరి జవాబు నాకు దొరకలేదు. నీలం చూసినప్పుడు దాని నీలిమా కనిపించింది, దాని క్షణికత్వమూ (ఏదైనా క్షణమే ఉంటుందన్న బౌద్ధుల మాట) కనిపించింది, మనకు నిశ్చయం కలిగేది నీలిమలోనే, రెండోదానికి అనుమానం, అంటే తర్కం కావాలి. క్షణికత్వం నిజమో కాదో పక్కన పెట్టండి, కనిపించడానికీ నిశ్చయం కావడానికీ మధ్య అభ్యాసాన్ని పెట్టాడు చూడండి, మీ మావయ్య గారున్నది సరిగ్గా అక్కడ. అయితే ఇదంతా ఎవాన్స్ ముందే మనవాళ్లు చెప్పేశారని రాయకండి. దిఙ్నాగుడికీ ధర్మకీర్తికీ సామాన్యాలు, అంటే ఎరుపుతనం లాంటివి, అన్నీ మనసు కట్టినవే, ప్రత్యక్షానికి తగిలేది స్వలక్షణం, అంటే దేనికదే అయిన విడి వస్తువు, ఒక్కటే. ఎవాన్స్‌కి అలాంటి పట్టింపు ఏమీ లేదు.

ఇక పసిపిల్లలూ కుక్కలూ. పిల్లలకూ జంతువులకూ మన కాన్సెప్టులు లేకపోయినా మనలాంటి చూపే ఉంటుంది కదా అని క్రిస్టొఫర్ పీకాక్ వాదిస్తాడు, నేను ఒప్పుకుంటాను. వాటికి ఆధారం కూడా ఉంటుందా అంటే, ఆధారం ఉండటం వేరు, అడిగితే ఇవ్వగలగడం వేరు. అడిగితే ఇవ్వగలిగిన వాడికే ఆధారం ఉన్నట్టు అంటే మావయ్య గారు కూడా ఓడిపోతారు, మనలో చాలామందిమి చాలా విషయాల్లో ఓడిపోతాం.

చివరిగా మీ సార్‌కి చెప్పాల్సిన మాట. మెక్‌డవెల్ 1994 దగ్గరే ఆగిపోలేదు. తరవాత, 2009 వ్యాస సంపుటిలో ఉన్న ఒక వ్యాసంలో, అనుభవంలో ఉన్నది వాక్యరూపం అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. అనుభవం చూపించేది ఇంకా విడదీసి చెప్పనిది, కానీ విడదీసి చెప్పగల రూపంలో ఉంటుంది, ఆ అర్థంలో మాత్రమే దాన్ని కాన్సెప్టువల్ అంటానన్నాడు. దానితో ఆయనకూ నాలాంటి వాళ్లకూ మధ్య దూరం చాలా తగ్గింది. ఆయన అడిగేది ఏమిటంటే, విడదీసి చెప్పగలిగే ఆ రూపం చూపుకు మొదట్నుంచీ లేకపోతే, తరవాత మనం చెప్పేది ఆ చూపు గురించే అని ఎలా అంటాం? పటం ఉదాహరణతో దీనికి సగం జవాబు చెప్పాననే అనుకుంటున్నాను, పటం గురించి మనం చెప్పే వాక్యం పటంలో వాక్యరూపంలో లేదు, అయినా ఆ పటం గురించే. మిగతా సగానికి మీ సార్ దగ్గర ఎదురు వాదం ఉంటే ఇక్కడే రాయమనండి, చదువుతాను.